ఈ మోకాళ్ళతోనే బురుజెక్కాలి

కర్నూల్లో మనిషి ఊరికే నడవకూడదు. నడవాలంటే ఏదో ఒక కారణం ఉండాలి. షుగరైనా ఉండాలి, మొక్కైనా ఉండాలి, అదీ కాకపోతే బండైనా చెడిపోయి ఉండాలి. ఇవేవీ లేకుండా ఒక యాభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి పొద్దున్నే చెప్పులేసుకుని ఊరు చూడ్డానికి బయలుదేరిందంటే, ఊరు ఊరంతా ఆమెను చూడ్డానికి బయటికొస్తుంది. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నదాన్ని, నాకు ఆ మాత్రం తెలిసి ఉండాల్సింది. పోయిన మాఘమాసంలో ఒక ఆదివారం అట్లా నడిచాను. నడిచినంతసేపూ మండిపడుతూనే నడిచాను.

నా రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, ఎముకకూ ఎముకకూ మధ్య ఉండాల్సిన గుజ్జు ఇక లేదని చెప్పాడు. ముందు కుడికాలికి ఆపరేషన్, కొన్ని నెలలాగి ఎడమకాలికి అన్నాడు. వచ్చే గురువారం అని ఖాయం చేశాడు. ఆ మాట విని మా కాలనీలో ఆడవాళ్ళందరూ ఇంటికొచ్చి ధైర్యం చెప్పారు. "ఏం కాదు లేమ్మా, ఇప్పుడందరూ చేయించుకుంటాండారు" అని మొదలుపెట్టి, ఆపరేషన్ తర్వాత మంచం దిగని ఎవరో ఒకరి కథ చెప్పి గానీ లేచేవాళ్ళు కాదు. ధైర్యం చెప్పేవాళ్ళు పెరిగేకొద్దీ నా భయం పెరిగింది. రాత్రిళ్ళు మోకాళ్ళను చేత్తో పట్టుకుని పడుకునేదాన్ని.

ఆ భయంలోంచే ఒక కోరిక పుట్టింది. మాది పత్తికొండ పక్క. పెళ్ళై కర్నూలు పాతబస్తీలో, మా ఆయన వాళ్ళ ఉమ్మడి ఇంట్లో కాలుపెట్టాను. ఆ ఇంటి మిద్దె మీద వడియాలు పెడుతుంటే కొండారెడ్డి బురుజు ఎదురుగా కనిపించేది. ఎక్కిద్దాం రమ్మని మా ఆయన్ను అడిగితే, "దాంట్లో ఏముండాది? రాళ్ళు" అనేవాడు. ఆ తర్వాత హంద్రి ఇవతల కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని వచ్చేశాం. ఆయనకు ట్రాక్టరు సామాన్ల షాపు. ఆసుపత్రికైనా, పెళ్ళికైనా, చావుకైనా బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయి, ఆ వాకిట్లో దింపి, మళ్ళీ ఎక్కించుకుని తెచ్చేవాడు. ఈ ఊరంతటినీ నేను ఆయన భుజం పక్కనుంచి చూశాను. ఒక్కసారి నా కాళ్ళతో చూడాలి, కత్తి పడకముందే, ఈ మోకాళ్ళతోనే ఆ బురుజెక్కాలి అనుకున్నాను. కొత్త మోకాళ్ళు ఎట్లుంటాయో నాకు తెలియదు. అసలు లేస్తానో లేదో తెలియదు.

ఆయనకు చెప్తే, "గురువారం ఆపరేషన్ పెట్టుకొని ఇప్పుడు నడుస్తావా? నీకేమన్నా మతి ఉండాదా?" అన్నాడు. "బండి మీద తిప్పుతా రా. గంటలో అన్నీ చూపిస్తా."

"నువ్వు చూపిస్తే చూసేది అయిపోయింది. నేను నడుస్తా" అన్నాను.

మా అమ్మాయి కడపలో ఒక కాలేజీలో పాఠాలు చెప్తుంది. ముప్పై రెండేళ్ళు. పెళ్ళి మాట ఎత్తితే ఫోన్ పెట్టేస్తుంది, మిగతా అన్నిట్లో బంగారం. అదే నా దారినంతా ఫోన్‌లో మ్యాపు మీద చుక్కలు పెట్టి పంపించింది. హంద్రి వంతెన, గుమ్మజు, పాతబస్తీ సందులు, తుంగభద్ర ఒడ్డు, చివరికి బురుజు. "నిదానంగా పో అమ్మా, ఎవరితోనూ మాట్లాడొద్దు, మాట్లాడితే నువ్వు బురుజు చేరవు" అంది. ఊరి సంగతి నాకంటే దానికే బాగా తెలుసు.

పాతబస్తీలో మా అత్తగారి తరపు చుట్టాలు సందుకొకరు ఉన్నారు. పాత చీరలో కనిపిస్తే కొత్త కాలనీకి పోయి చితికిపోయారంటారు. అందుకని పట్టంచు చీర కట్టుకున్నాను. నీళ్ళ సీసా, తువ్వాలు, మోకాళ్ళకు రాసుకునే మందు చీరల షాపువాళ్ళిచ్చిన సంచిలో వేసుకుని, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని బయలుదేరాను. ఆ చీర, ఆ సంచి, ఆ బొట్టు కలిసి నన్ను ఎట్లా ముంచాయో తర్వాత చెప్తాను.

వంతెన దాకా బాగానే సాగింది. హంద్రిలో నీళ్ళకంటే గుర్రపుడెక్కే ఎక్కువ. అయినా వంతెన మీద నిలబడి కిందికి చూస్తే, అంత డెక్కలోనూ ఒక తెల్ల కొంగ నిలకడగా నిలబడి ఉంది. దాన్ని చూస్తూ ఉండగానే పక్కన బండి ఆగింది. మా ఆయన చిన్నాన్న కొడుకు, నాకు మరిది.

"వదినా, యాడికి? ఎక్కు."

"యాడికీ లేదు నాయనా, ఊరికే నడుస్తాండా."

"ఊరికే ఏంటికి నడుస్తావు? అన్న బండి చెడిపోయిందా?"

"లేదు."

"అన్నతో ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదప్పా, నువ్వు పో."

పోతే ఆయన మరిదెందుకవుతాడు? నా నడకకు సరిగ్గా బండి నడుపుతూ నా పక్కనే వచ్చాడు. వెనక ఆటోలు, లారీలు హారన్లు కొట్టాయి. "నా బండి ఎక్కకూడదని ఎవరన్నా చెప్పినారా వదినా?" అని అంత గోలలోనూ అడిగాడు. మా దగ్గర నడిచేవాళ్ళను చూసి బండి ఆపకపోతే తప్పు. ఆపినాక ఎక్కకపోతే అంతకంటే పెద్ద తప్పు. చివరికి మొహం మాడ్చుకుని పోయాడు. పోయిన రెండో నిమిషంలో మా ఆయన ఫోన్. "వాని బండి ఏంటికి ఎక్కలేదంట? మనకూ వాళ్ళకూ ఏమైనా ఉండాదా అని అడుగుతాండాడు." ఆ మాట చెప్తూ చెప్తూనే, "పోనీ నేనొచ్చి ఎక్కించుకునేదా?" అన్నాడు. ఫోన్ కట్ చేశాను. తిరిగి చూస్తే కొంగ లేదు.

హంద్రి ఒడ్డున గుమ్మజు దగ్గర మాత్రం ఎవరూ పలకరించలేదు. ఏనాటి నవాబు సమాధో, గుండ్రటి గుమ్మటాలు, లోపల చల్లగా గాలి. బండి మీద ఆ పక్కగా ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు, ఇంత పెద్దదని తెలియదు. గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. కూర్చోలేదు. కూర్చుంటే లేవడానికి ఒక మనిషి సాయం కావాలి. ఆ చల్లదనంలో మోకాళ్ళ నొప్పి కూడా కాస్త మర్యాదగా ఉంది. నాకు శానా సంతోషంగా అనిపించింది. ఆ రోజు మొత్తంలో ఎవరూ పాడుచేయని సంతోషం అదొక్కటే.

తర్వాత పాతబస్తీ సందులు. మా అమ్మాయి అక్కడ ప్రత్యేకంగా చెప్పింది, తలుపులు చూడమని. నిజమే. కొన్ని ఇళ్ళకు ఇంకా పాత టేకు తలుపులున్నాయి. ద్వారబంధాల మీద పూలు, గుర్రాలు, చిలుకలు చెక్కి ఉన్నాయి. పెద్ద వరదొచ్చిన ఏడు నీళ్ళు నిలిచిన మచ్చ కొన్ని గోడల మీద నా తలకంటే పైన ఇంకా కనిపిస్తుంది. నేను ఒక ఇంటి ముందు ఆగుతాను, తలుపు పైనుంచి కింది దాకా చూస్తాను, పక్క ఇంటికి పోతాను. బాగాలేని తలుపైతే ఆగకుండా పోతాను. ఫోన్లో ఆడగొంతు కుడికి తిరగమంటుంది, తిరిగితే గోడ. మళ్ళీ వెనక్కొస్తాను. ఇట్లా ఒక సందు దాటి రెండో సందులో పడ్డానో లేదో, ఒక రేకు తలుపు దఢేలుమని తెరుచుకుంది.

మా అత్తగారికి చెల్లెలి వరస, మేమంతా పిన్నమ్మ అంటాం. ఆమె గడపలో నడుముకు చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమ్మా, ఆ ఇంటికాడ నిలబడినావు, ఈ ఇంటికాడ నిలబడినావు, మా ఇంటికాడికొచ్చేసరికి మొగం తిప్పుకొని పోతాండావు. మేమేం పాపం చేసినాం?"

నాకేమీ అర్థం కాలేదు. మీ తలుపు రేకుది, అందుకని ఆగలేదని ఎట్లా చెప్పేది? రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయి కుర్చీలో కూలేసింది. టీ గ్లాసు చేతిలో పెట్టి అడిగింది.

"సంబంధం యాడిది?"

"ఏ సంబంధం పిన్నమ్మా?"

"నా కాడ దాచిపెడతావా? మాఘమాసం. పట్టుచీర కట్టుకున్నావు. సంచి పట్టుకున్నావు. వాకిలి వాకిలికీ తిరుగుతాండావు. నీ బిడ్డ పెండ్లికి బొట్టు పెట్టి పిలిచేకి రాలేదూ?"

అప్పుడు నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మా వైపు పెళ్ళికి పత్రిక ఇచ్చినంత మాత్రాన పిలిచినట్టు కాదు. పిల్ల తల్లి స్వయంగా వాకిట్లోకొచ్చి, ఇంటి ఆడమనిషికి కుంకుమ బొట్టు పెట్టి, నోరారా పిలవాలి. అట్లా పిలవని పెళ్ళికి ఎవరూ పోరు. పక్కింటికి పెట్టి తన ఇంటికి పెట్టకపోతే, ఆ కోపం మనవళ్ళ పెళ్ళిళ్ళ దాకా నిలుస్తుంది. నేను తలుపులు చూస్తూ ఆగినచోటల్లా పిలిచినట్టు, ఆగనిచోటల్లా వదిలేసినట్టు సందంతా లెక్కేసుకుంది.

నేను సంచి బోర్లించాను. సీసా, తువ్వాలు, మందు గొట్టం పడ్డాయి. పిన్నమ్మ వాటిని చూసి తల ఊపింది.

"పత్రికలప్పుడే అయిపోయినాయా?"

తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. పెళ్ళి లేదు పిన్నమ్మా, ఊరు చూస్తున్నానని ఎంత చెప్పినా నమ్మలేదు. ఈ ఊళ్ళో కాపురముండేదానివి ఈ ఊరు చూసేదేముండాదని అడిగింది. ఆమె మనవరాలి వయసు పిల్లైతే నమ్మేదేమో. నా వయసు ఆడది పనిలేకుండా సందులు తిరుగుతుందంటే నమ్మడానికి ఆమె దగ్గర వెనకటి ఉదాహరణ లేదు. కుర్చీ చేతుల మీద బరువేసి, పళ్ళు బిగబట్టి లేచి బయటపడ్డాను.

అక్కడినుంచి నా నడక కంటే ముందు కబురు నడిచింది. ఒక మిద్దె మీదనుంచి, "పిల్లోడేం చేస్తాడంట?" అని ఎవరో అరిచారు. కుట్టుమిషను ముందు కూర్చున్న పెద్దాయన, "ముబారక్ అమ్మా, రవికెలన్నీ నాకే ఇయ్యాల" అన్నాడు. మా ఆయన ఫోన్ చేసి, "మన బిడ్డ పెండ్లంట గదా, నాకెప్పుడు చెప్తావు?" అన్నాడు. వేళాకోళమో నిజమో తెలియలేదు. ఆ వెంటనే అమ్మాయి. "అమ్మా, నా పెళ్ళికి నాకూ బొట్టు పెట్టి చెప్తావా, లేకపోతే ఫోన్లో చెప్పడమేనా?" అని నవ్వింది. నవ్వి, ఒక్క క్షణం ఆగి, "కాళ్ళు ఎట్లున్నాయమ్మా?" అంది. పొద్దున్నుంచి ఇంతమంది అడిగిన ఇన్ని ప్రశ్నల్లో నా కాళ్ళ గురించి అడిగింది అదొక్కతే.

తుంగభద్ర ఒడ్డుకు చేరేసరికి ఎండ ముదిరింది. నదిలో నీళ్ళు అక్కడక్కడా పాయలుగా ఉన్నాయి, మిగతాదంతా బండలు. వెనకటికి అలంపురం గుడులకు రాళ్ళు మోసే బండ్లు ఇక్కడ ఆగి, ఏరు దాటే ముందు ఇరుసులకు కందెన వేసుకునేవట. అందుకే ఈ ఊరికి కందెనవోలు అని పేరొచ్చిందంటారు. ఎన్ని బండ్ల ఇరుసులకో కందెన పూసిన ఊళ్ళో కాపురం చేసి, నా మోకాళ్ళలో చుక్క లేకుండా పోయింది. మెట్ల మీద నిలబడి మందు రాసుకున్నాను.

ఏటి ఒడ్డునుంచి బురుజుకు దగ్గర దారి మా పాత ఉమ్మడి ఇంటి ముందునుంచే. ఆ ఇంట్లో ఇప్పుడు మా బావగారూ, నా తోడికోడలూ ఉంటారు. అక్క అని పిలుస్తాను. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆ ఇంట్లో కాలుపెడితే ఆమె నన్ను నులక మంచంలో కూర్చోబెడుతుంది, అన్నం పెడుతుంది, తిన్నాక పడుకోమంటుంది. ఆ మంచంలో పడితే నేను లేవను. ఇక బురుజు లేదు, ఏమీ లేదు. అందుకని తెలిసే ఆ సందు తప్పించి చుట్టు తిరిగి పోయాను. మిగతా ఇళ్ళన్నీ తలుపులు బాగాలేక వదిలేశాను గానీ, ఆ ఒక్క ఇంటిని నిజంగానే వదిలేశాను.

బురుజు కిందికొచ్చి తలెత్తి చూశాను. దూరాన్నుంచి చిన్నదిగా కనిపించేది, దగ్గరికొస్తే తల వెనక్కి పడిపోయింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టబోతుండగా వెనక ఆటో ఆగింది. అక్క దిగింది. జారిన కొప్పుతో, ఇంట్లో కట్టుకునే చీరతోనే వచ్చింది.

"ఏమే! ఊరందరికీ బొట్టు పెట్టినావు. మిషను కుట్టేవాళ్ళకు గూడా తెలిసింది. నీ పెండ్లికి వాకిట్లో ముగ్గేసినదాన్ని నేను, నాకు పెట్టేకి నీకు చెయ్యి రాలేదా? మా సందులోకి రాకుండా చుట్టు తిరిగి పోయినావంట!"

చుట్టూ మనుషులు ఆగి చూస్తున్నారు. నాకు పొద్దున్నుంచి ఆపుకున్న కోపమంతా ఒక్కసారిగా కట్ట తెంచుకుంది.

"పెండ్లి లేదు, పెటాకులు లేవు! గురువారం నా కాలు కోస్తారు. ఈ కాలు ఉండంగనే ఈ బురుజెక్కాలని వచ్చినా. పొద్దున్నుంచి ఒక్కరన్నా నన్ను నడవనిస్తే గదా! నువ్వు తిట్టేదుంటే పైకి రా అక్కా, పైన తిట్టు. కింద నాకు టైము లేదు."

అక్క నా కాళ్ళ వైపు చూసింది. మెల్లగా అంది.

"కాలు కోస్తారా? నాకెవరు చెప్పినారు?"

పాతబస్తీ వాళ్ళకు నేను చెప్తాలే అన్నాడు మా ఆయన. చెప్పలేదన్నమాట.

"పెండ్లికి పిలవకపోతే పోనీ. కాలు కోస్తాంటే గూడా చెప్పరా?" అని కళ్ళు తుడుచుకుంది. ఆటోవానితో పొమ్మని చెప్పి, చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది. "పద."

"నువ్వేంటికి అక్కా?"

"తిట్టేది ఇంకా ఉండాది. పద."

ఇరుకు మెట్లు. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి ఆమె భుజానికి వేసి ఎక్కాను. ప్రతి మెట్టుకూ కుడి మోకాలు లోపల ఏదో నలిగినట్టు నొప్పి. పైగా ఆమె తిట్లు. వేరు పోయినప్పుడు రుబ్బురోలు ఏంటికి తీసుకపోయినావు? అత్తకు జ్వరమొస్తే ఎన్ని దినాలకొచ్చినావు? నేనూ ఊరుకోలేదు, ఆమె నా రొట్టెలకు పెట్టిన వంకలన్నీ గుర్తుచేశాను. ఒక మలుపులో ఇద్దరం ఆయాసంతో ఆగిపోయాం. అప్పుడు విన్నాను, ఆమె కాలు మడిచినప్పుడు మోకాల్లో టక్కుమన్న చప్పుడు. నా వాటిలో వచ్చే చప్పుడే. ఆమె నా మొహం చూసి, "చూసేదేముండాది, ఎక్కు" అని కసిరింది.

పైకొచ్చాం. గాలి మా కొంగులను ఈడ్చి కొట్టింది. అటు తుంగభద్ర, ఇటు హంద్రి, మధ్యలో ఇరుక్కున్న మిద్దెలు. నేను నడిచొచ్చిన దారంతా కనిపించింది. ఇంత చిన్న దారికా ఇంత రభస అనిపించింది. ఏడ్చాను కూడా. ఎందుకో చెప్పలేను. ఎక్కేశానని కావచ్చు, ఇక గురువారమే మిగిలిందని కావచ్చు.

అక్క నన్ను పట్టించుకోలేదు. పిట్టగోడ పట్టుకుని కిందికే చూస్తోంది.

"మా ఇల్లు యాడుండాదే?"

నలభై ఐదేళ్ళుగా ఆ ఇంటి వాకిట్లో నిలబడి ఈ బురుజును చూసిన మనిషి, బురుజు మీదనుంచి తన ఇల్లు పోల్చుకోలేకపోయింది. మిద్దె మీది నీలం ట్యాంకు గుర్తుపట్టి నేనే చూపించాను. "ఇంతేనా?" అంది. శానాసేపు ఆ ట్యాంకునే చూస్తూ ఉండిపోయింది.

దిగడం ఎక్కడం కంటే ఘోరం. ఇద్దరం అడ్డంగా తిరిగి, ఒకరినొకరం పట్టుకుని, దేవుళ్ళందర్నీ తలుచుకుంటూ దిగాం. కిందికొచ్చాక అన్నాను.

"ఆపరేషన్ అయినాక జగన్నాథగట్టు మీది గుడి చూడాల్సుండాది అక్కా. బండి మీద గాదు, నడిచి ఎక్కుదాం. వస్తావా?"

"నోటిమాటతో పిలిస్తే వచ్చేదాన్నా నేను?"

పక్కన గుడి ఉంటే, ఆ గడప దగ్గర పళ్ళెంలోంచి కుంకుమ తీసుకున్నాను. పద్ధతి ప్రకారం ఎదురుగా నిలబడి, ఆమె నుదుట బొట్టు పెట్టి, "జగన్నాథగట్టుకు నడిచి పోదాం, తప్పకుండా రావాల అక్కా" అని నోరారా పిలిచాను. చేతికంటిన కుంకుమ నా కొంగుకే తుడుచుకున్నాను.

ఆమె కొప్పు ముడేసుకుని, ఒంగి రెండు చేతుల్తో తన మోకాళ్ళు రుద్దుకుంది.

"జల్దీ బాగుచేసుకో. నాయి గూడా శాన్నాళ్ళు ఆగేట్టు లేవు."